మూడో ఖైదీ ముఖం

మొగిలమ్మను జీపెక్కించింది సీఐ భానుచందర్ అని రేపు పేపర్లో రాస్తారు. నిజానికి ఎక్కించింది నేను.

పొద్దున తొమ్మిదింబావుకు హన్మకొండలోని మాజీ సైనికుల సంఘం భవనం నుంచి ఫోన్ వచ్చింది. హాల్లో ఉన్న పెద్ద బొమ్మను ఎవరో కోసేశారు, వెంటనే రమ్మన్నారు. పోలీసు వేలిముద్రల విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు చేసి రిటైరైనవాణ్ని. ఇంటి ముందు 'వెంకట్రాజం, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు వేలాడదీసుకున్నవాణ్ని. పది నిమిషాల్లో చేరుకున్నాను, ఇంకో పది నిమిషాల్లో తేల్చేశాను. తలుపులు, కిటికీలు చెక్కుచెదరలేదు. తాళంచెవులు రెండే ఉన్నాయి. ఒకటి సంఘం అధ్యక్షుడు సుబేదార్ వీరభద్రం గారిది, రెండోది హాలు ఊడ్చే మొగిలమ్మది. ఆమె బకెట్లో బ్లేడు దొరికింది. పైగా ఏడింటికి హాలు తెరిచిన మనిషి, బొమ్మలో అంత బొక్క కనబడుతున్నా కేక పెట్టలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. తొమ్మిదింటికి సుబేదార్ గారు వచ్చి చూసేదాకా తన మానాన తాను నేల తుడుస్తూనే ఉంది.

"ఇంకేం కావాలె భానూ?" అన్నాను నలుగురి ముందు, మీసం దువ్వుకుంటూ.

భానుచందర్ ఒకప్పుడు నా దగ్గర ట్రైనింగ్ అయినవాడే. తలాడించాడు. సుబేదార్ గారు ఎడమచేయి ప్యాంటు జేబులోంచి తీయకుండానే, కుడిచేత్తో ఫిర్యాదు మీద సంతకం పెట్టారు. మిలిటరీ దర్జా అనుకున్నాను. ఆడ కానిస్టేబుల్ మొగిలమ్మ రెక్క పట్టుకుంది. పంచనామా అయ్యేసరికి పదకొండు దాటింది. నేను ఇంటికొచ్చి, చేసిన ఘనకార్యం చెప్పుకుంటూ అన్నానికి కూర్చున్నాను.

ఆ అన్నం దగ్గరే మా ఆవిడ సరోజన ఒక ప్రశ్న వేసింది.

"ఇంతకూ బొమ్మల ఎవరి ముఖం కోసిండ్రు?"

"కింద కూసున్న ఖైదీలల్ల మూడోవాడిది."

"ఆమెకు సుబేదార్ మీద కోపముంటె సుబేదార్ ముఖం కోస్తది. సంఘం మీద కోపముంటె బొమ్మంత గీరి పెడ్తది. పేరు లేని ఖైదీ ముఖం ఆమెకెందుకు?"

చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశాను. నేను అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్న అది. పప్పు గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషి అడిగింది. తల కొట్టేసినట్టయింది. చెయ్యి కడుక్కుని చొక్కా తొడుక్కున్నాను.

పన్నెండు ఇరవైకి స్టేషన్లో ఉన్నాను.

రైటర్ రిమాండ్ కాగితాలు నింపుతున్నాడు. మొగిలమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. యాభై నాలుగేళ్ల బక్క మనిషి. నన్ను చూసి లేవబోయింది. నమస్కారం కూడా పెట్టబోయింది. ఆ నమస్కారం చూడలేక గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగాను.

"తండ్రి పేరు?" అన్నాడు రైటర్.

మూడోసారి గదమాయిస్తే నేల చూస్తూ అంది. "నర్సయ్య. మిలిటరీల ఉండె. నేను ఏడాది పిల్లప్పుడు పోయిండు, మల్ల రాలే."

"చనిపోయిండా?"

"తెల్వదు. జాడ లేదని కాయితం వచ్చిందట."

రైటర్ రాసుకున్నాడు. నేను కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాను.

"మొగిలమ్మా, బొమ్మ నువ్వు కోసినవా?"

"కోసిన అని మీరే చెప్తిరి గద సారు."

"నా సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు."

"ఏదైతేంది సారు. అయిపాయె."

"బ్లేడు ఎక్కడిది?"

"దీపమ్మ ఇచ్చింది. బండల మీద రంగు చుక్కలు పడితె గీకమని."

"నిన్న తాళం ఎన్నింటికేసినవ్?"

"ఆరున్నరకు. దీపమ్మ పోయినంక పావుగంటకు."

"తరువాత?"

"పరకాలకు పోయిన. మా మేనత్తకు పానం బాగలేదు. పొద్దుగాల ఫస్టు బస్సుకు మల్ల వచ్చిన."

కొంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం ముక్క తీసి ఇచ్చింది. ఆడవాళ్లకు బస్సులో ఇచ్చే జీరో టికెట్. హన్మకొండ నుంచి పరకాల. నిన్నటి తేదీ. సాయంత్రం ఆరు యాభై రెండు.

"ఇది పొద్దున ఎందుకు చూపించలేదు?"

"మీరు అడుగలే గద సారు."

నిజమే. నేను అడగలేదు. ఆమెతో నేను పొద్దున మొత్తం మాట్లాడింది రెండు మాటలు. 'తాళంచెవి ఏది', 'ఆ బకెట్ ఇటు తే'.

"సరే, నువ్వు కోయలేదు. కోసినవాణ్ని పట్టుకుంటా. ఆ ముక్క కూడా ఎక్కడుందో..."

అంతవరకు మొద్దుబారినట్టు ఉన్న మనిషి ఒక్కసారిగా నా కాళ్ల వైపు చేతులు చాపింది. "వద్దు సారు! ఎవలు కోసిండ్రో ఇడిసిపెట్టుండ్రి. ఆ ముక్కను మాత్రం దేవులాడకుండ్రి. మీకు దండం పెడ్త. నేను జేలుకు పోత, నాకేం ఫికర్ లేదు."

జైలుకు భయపడే వాళ్లను వందల మందిని చూశాను. జైలును అడిగి తీసుకునే మనిషిని చూడటం ఇదే మొదలు. ఎందుకని ఎంత అడిగినా కొంగు నోట్లో కుక్కుకుంది.

టికెట్ పట్టుకుని సీఐ గదిలోకి వెళ్లాను. భానుచందర్ దాన్ని ఒకసారి చూసి బల్ల మీద పెట్టాడు.

"సార్, దీప వెళ్లింది ఆరుంబావుకు. మొగిలమ్మ తాళమేసింది ఆరున్నరకు. నడుమ పదిహేను నిమిషాలు ఒక్కతే ఉంది. బస్టాండ్ అక్కడికి పది నిమిషాల నడక. కోసి, తాళమేసి, బస్సెక్కింది. ఈ టికెట్ ఆమెను కాపాడదు."

"నేను చెప్పింది తప్పు భానూ."

"పొద్దున నలుగురి ముందు చెప్పి, మధ్యాహ్నం తప్పంటే ఎట్ల సార్? అప్పుడు మీరు పెద్ద డిటెక్టివ్, నేను మీ వెనక టోపీ పట్టుకుని నిలబడ్డోణ్ని. ఇప్పుడు కేసు నాది."

"కోయాల్సిన కారణం ఏంది ఆమెకు?"

"లోపలికి పోయినంక చెప్తది. రేపు పదింటికి ఢిల్లీ నుంచి మ్యూజియం వాళ్లు వస్తాండ్రు, ఆ బొమ్మను తీసుకపోయేటందుకు. పైనుంచి ఆరు ఫోన్లు వచ్చినయ్. నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందు పెడతాన. మీ దగ్గర మూడున్నర గంటలున్నయ్ సార్. మీరే నేర్పిండ్రు గదా, ఊహ కాదు, ముద్ర తెమ్మని."

వాడి మాటలో వెటకారం ఉంది. కానీ తప్పు లేదు.

ఒంటిగంటా పది. సంఘం హాల్లో దీప ఒక్కతే ఉంది. బొమ్మ వేసిన దేవదాస్ కూతురు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. పాత బొమ్మలు శుభ్రం చేసే పని దీప హైదరాబాద్‌లో నేర్చుకుంది. తొమ్మిది రోజులుగా తండ్రి బొమ్మ మీది ముప్పై ఎనిమిదేళ్ల మసిని దూది చుట్టిన పుల్లలతో తుడుస్తోంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

పొద్దున నేను బొక్కనే చూశాను. ఇప్పుడు బొమ్మను చూశాను.

ఎనిమిదడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు. డెబ్బై ఒకటి యుద్ధం. నడుమ మన సిపాయి నిలబడి ఉన్నాడు, ఇరవై ఏళ్ల వీరభద్రం. వెలుతురంతా ఆయన మీదే పడుతోంది. నిటారుగా నిలబడ్డ వెన్ను, మెరిసే బూట్లు. ఎడమచేయి భుజాన ఉన్న తుపాకి బెల్టు మీద ఉంది, కుడిచేతిలో నీళ్ల సీసా. ఆయన కాళ్ల దగ్గర పట్టుబడ్డ శత్రు సైనికులు ఐదుగురు వరసగా కూర్చున్నారు. వాళ్లవి మాసిన బట్టలు, వంగిన మెడలు. నలుగురి ముఖాలు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. గెలిచినవాడి బొమ్మలో ఓడినవాళ్లకు ముఖాలు ఎవరు వేస్తారు? మూడోవాడు మాత్రం తల పైకెత్తి నీళ్లు తాగుతున్నాడు. ఆ తల ఉండాల్సిన చోట సాసరంత బొక్క ఉంది, అందులోంచి వెనక గోడ సున్నం కనబడుతోంది.

"నిన్న చివర్న ఏం చేసినవమ్మా?"

"ఈ కింది భాగానికి వార్నిష్ వేసిన అంకుల్, ఐదుముప్పావుకు. ఖైదీల మీద. రెండు మూడు గంటలు జిగటగా ఉంటది, ముట్టొద్దని మొగిలమ్మకు చెప్పి పోయిన."

"లైట్లార్పు."

కిటికీ రెక్కలు మూయించి, టార్చిని బొమ్మకు పక్కగా, దాదాపు గోడకు ఆనించి వెలిగించాను. కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదటి రోజున నేను నేర్పిన పాఠం ఇది. ఎదుటి నుంచి వెలుగేస్తే ముద్ర దాక్కుంటుంది, పక్క నుంచి వేస్తే లేచి నిలబడుతుంది. పొద్దున నాకు ఈ పాఠం గుర్తు రాలేదు. నలుగురు చూస్తున్నారన్న సంబరంలో ఉన్నాను.

రెండో ఖైదీ ఛాతీ మీద అరచేయి లేచింది.

ఎడమచేయి. గుడ్డ కదలకుండా ఒత్తిపట్టి, కుడిచేత్తో కోశారన్నమాట. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, చిటికెన వేలు అన్నీ నిండుగా పడ్డాయి. ఉంగరపు వేలు ఒక్కటే సగం దగ్గర ఆగిపోయింది.

"నీ చెయ్యి చూపమ్మా."

దీప రెండు చేతులూ చాపింది. పది వేళ్లూ ఉన్నాయి. మొగిలమ్మ నా ముందు చాపిన చేతులకు కూడా పది వేళ్లున్నాయి.

దీప నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె చూపు ముద్ర మీద లేదు, పైన ఉంది. నేను టార్చి పైకెత్తాను. తుపాకి బెల్టు మీద ఆనిన వీరభద్రం ఎడమచేయిలో ఉంగరపు వేలు సగమే ఉంది. దేవదాస్ ఉన్నది ఉన్నట్టే వేశాడు. యుద్ధంలో పోయిన ఆ వేలి పేరు చెప్పి ఈ ఊళ్లో ఏటేటా ఆయనకు దండలు వేస్తాం. నేనూ రెండుసార్లు వేశాను.

"సుబేదార్ అంకులా?" అంది దీప. "తన బొమ్మను తనే ఎందుకు కోస్తడు?"

పొద్దున తాళంచెవులు రెండని లెక్కపెట్టింది నేనే. అందులో ఒకదాన్ని సెల్యూట్ చేసి పక్కన పెట్టిందీ నేనే. ఊడ్చే మనిషి చేతిలో తాళంచెవి సాక్ష్యం, సుబేదార్ చేతిలో అదే తాళంచెవి గౌరవం అనుకున్నాను. పొద్దున నేను చేసిన డిటెక్టివ్ పని అంతే.

"తన ముఖం కోయలేదు గదమ్మా, ఖైదీ ముఖం కోసిండు. వాడెవడు?"

"వాడెవడో ఎట్ల తెలుస్తది..." అంటూనే దీప ఆగింది. బొక్క అంచుకు ముక్కు ఆనించి చూసింది. "అంకుల్, ఇక్కడ గళ్లున్నయ్."

అంచు దగ్గర రంగు కింద సన్నటి పెన్సిల్ గీతలున్నాయి. అడ్డంగా, నిలువుగా, అంగుళం ఎడంతో.

"మా డాడీ సినిమా బ్యానర్లు వేసేటోడు. ఫొటో మీద చిన్న గళ్లు, గుడ్డ మీద పెద్ద గళ్లు గీసి, గడి గడికి ముఖం పెంచుకుంట పోయేటోడు. అయితే హీరోకు, హీరోయిన్‌కే గళ్లు. వెనక గుంపుకు గీసేటోడు కాదు, చేతికొచ్చినట్టు వేసేటోడు. ఈ బొమ్మల సుబేదార్ అంకుల్ ముఖానికి గళ్లున్నయ్, తుడుస్తుంటే చూసిన. మిగతా నలుగురు ఖైదీలకు లేవు."

"మూడోవాడికి ఉన్నయ్."

"ఉన్నయ్. అంటే వీడు గుంపులోవాడు కాదు. వీడికి ఫొటో ఉంది."

దీప దగ్గర తండ్రి పాత ఫైలు ఉంది. శుభ్రం చేసేటప్పుడు రంగులు పోల్చుకోవడానికి తెచ్చుకుంది. అట్టల మధ్య నుంచి ఒక నలుపు తెలుపు ఫొటో బయటికి తీసింది. ఆరుగురు కుర్ర సిపాయిలు ఒక ట్రక్కు ముందు నిలబడి ఉన్నారు. రెండు తలల మీద సిరా గళ్లు గీసి ఉన్నాయి. ఒకటి వీరభద్రం. పక్కనే ఇంకొకడు, కనుబొమ్మ మీద గాటు, పెదవి మూల చిన్న నవ్వు.

"ఇతనే అంకుల్. తుడిచినంక ఇదే గాటు, ఇదే నవ్వు బయటపడ్డది."

నేను ముఖం కంటే ముందు బట్టలు చూశాను. ఆరుగురివీ ఒకే బట్టలు. మన సైన్యం బట్టలు.

ఫొటో తిప్పాను. వెనక పెన్సిల్‌తో పేర్లు రాసి ఉన్నాయి. నాలుగో పేరు వీరభద్రం. ఐదో పేరు నర్సయ్య, పరకాల.

మూడింటికి ఐదు నిమిషాలు తక్కువ. నేను ఫోన్ చేస్తే సుబేదార్ గారు వచ్చారు, ఒంటరిగా కాదు, భానుచందర్ జీపులో. డెబ్బై నాలుగేళ్ల మనిషి ఇప్పటికీ గోడలా నిలబడతారు. ఎడమచేయి జేబులోనే ఉంది.

"సార్, ఒకసారి ఆ చెయ్యి బయటికి తీస్తారా?" అన్నాను.

భానుచందర్ నాకూ ఆయనకూ నడుమ వచ్చి నిలబడ్డాడు. "వెంకట్రాజం సార్, మాట చూసుకోండ్రి. ఎవరితో మాట్లాడుతాండ్రో తెలుసా?"

"తెలుసు. పొద్దున తెలియలేదు."

టార్చి వెలిగించి ముద్ర చూపాను. వాడికి పాఠం బాగానే గుర్తుంది. సగం వేలు దగ్గర వాడి చూపు ఆగిపోయింది. తరువాత ఫొటో చేతిలో పెట్టాను. ముందువైపు చూశాడు, వెనకవైపు చదివాడు, రిమాండ్ కాగితంలో తండ్రి పేరు గుర్తొచ్చి ముఖం పాలిపోయింది. అయినా వాడి నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"సార్, దీన్ని ఇక్కడ్నే ఆపుదాం. బయటి నుంచి ఎవరో ఆకతాయిల పని అని రాస్త. మొగిలమ్మను ఇప్పుడే ఇంటికి పంపిస్త. రేపు ప్రోగ్రాం కానీయండ్రి. ఎవరి ఇజ్జత్ వాళ్లకుంటది. మీదీ, నాదీ."

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం ఆ మాట నాకు తియ్యగా వినిపించింది. నేను పొద్దున చేసిన తప్పు కూడా ఆ ఆకతాయిల ఖాతాలోకి పోతుంది. నేను అవునన్నా ఎవరూ అడగరు. ఆ క్షణం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

జవాబు చెప్పింది నేను కాదు. సుబేదార్ గారు జేబులోంచి చెయ్యి తీశారు. అరచేతికి వార్నిష్ ఇంకా పసుపుపచ్చగా అంటుకుని ఉంది, కిరసనాయిలు వాసన వస్తోంది. చొక్కా లోపలి నుంచి గుండ్రటి గుడ్డముక్క తీశారు.

"కాలబెడదామని రెండుసార్లు అగ్గిపుల్ల గీసిన. చేతకాలే," అన్నారు.

కనుబొమ్మ మీద గాటు ఉన్న కుర్రాడు నీళ్లు తాగుతూ నవ్వుతున్నాడు.

"మన సిపాయికి శత్రువు బట్టలేసి ఎందుకు కూర్చోబెట్టారు?" అన్నాను.

ఆయన అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డారు. బొమ్మలో తన బూట్ల వైపు చూశారు.

"నేను ఎవ్వర్నీ పట్టుకోలే రాజం. పట్టుబడ్డది నేనే."

భానుచందర్ చేతిలోని ఫొటోను మళ్లీ చూశాడు.

"నేనూ నర్సయ్యా ఒక్క మోర్చా గుంతల దొరికిపోయినం. వాని తొడల తూటా. ఒళ్లు జరంతోని కాలిపోతాంది. ఒక బడి గదిల ఏసిండ్రు. కావలి ఉన్నోడు ఒక ముసలి సిపాయి, ఆళ్లోడే. మీద పడ్డ మంచు తుడుసుకుంట ఒక లోటా నీళ్లు తెచ్చి నా చేతిల పెట్టిండు. ముందుగాల వానికి తాపు అన్నడు."

"తాపినరా?"

"నేనే తాగిన. మొత్తం తాగిన. నర్సయ్య పండుకొని ఉండె. తెల్లారెటాళ్లకు పానం పోయింది. ఈ వేలు కూడ ఆ చలికే పోయింది, యుద్ధంల కాదు."

దీప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏడాదికి ఖైదీల మార్పిడిల మమ్ముల ఇడిసిపెట్టిండ్రు. మన ఆఫీసర్లు అడిగిండ్రు, నర్సయ్య ఏడని. చూడలే అన్న. చూసిన అంటె ఎట్ల సచ్చిండో చెప్పాలె గద. ఊరికొస్తె అందరు అడిగేటోళ్లు, యుద్ధంల ఏం చేసినవని. పట్టుబడ్డ అని చెప్పనీకి నోరు రాలే. పట్టుకున్న అని చెప్పిన. ఒకపారి చెప్తె ఇగ అదే నడిచింది."

"మరి ఈ బొమ్మ?"

"బొమ్మలనన్న వానికి నీళ్లు తాపుదామనుకున్న. దేవదాసుకు ఫొటో ఇచ్చిన. ఖైదీలల్ల ఏస్తె ఎవలు గుర్తుపడ్తరు అనుకున్న. ఆ ముసలోడు నిలబడ్డ జాగల నేను నిలబడ్డ."

ఆ మాట తరువాత నేను మళ్లీ బొమ్మ వైపు చూడలేకపోయాను. ముప్పై ఎనిమిదేళ్లుగా మేమంతా చప్పట్లు కొట్టింది పేరు తెలియని ఒక శత్రు సిపాయి మంచితనానికి.

"నిన్ననే ఎందుకు కోసినరు?"

"మసి ఉన్నన్ని దినాలు వాడు కనబడలే. నిన్న సాయంత్రం దీప పోయినంక, ఏడున్నరకు వచ్చి చూసిన. కండ్లు తెరిసి నన్నే చూస్తాండు. మొగిలమ్మ తాన వాడొక్కడే ఉన్న ఫొటో ఉన్నది. కొలువుల చేరిన కొత్తల తెచ్చి, మా బాపును ఎన్నడన్న చూసిండ్రా సారు అని అడిగింది. లేదన్న. పొద్దుగాల వచ్చి ఆమె గుర్తుపడ్తదని కోసిన."

"ఆమెను జీపెక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డారు."

"మల్ల నోరు రాలే," అన్నారాయన.

తిట్టాలని ఉంది. కానీ ఏ ముఖం పెట్టుకుని తిట్టను? ఎక్కించింది నేను, సంతకం పెట్టింది ఆయన. లేవమన్నట్టు చెయ్యి చాపాను. ఆయన నా చెయ్యి పట్టుకోకుండానే లేచి జీపు వైపు నడిచారు. భానుచందర్ టోపీ తీసి చంకలో పెట్టుకుని వెనకే వచ్చాడు.

మూడు నలభై మూడు. మొగిలమ్మను మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకెళ్లడానికి సిద్ధం చేసి, బెంచీ మీద కూర్చోబెట్టారు. సుబేదార్ గారిని చూసి ఆమె లేచి నిలబడింది. ఆయన గుడ్డముక్కను ముందుకు చాపారు.

ఆమె గబుక్కున లాక్కుని కొంగు కింద దాచేసింది. కానిస్టేబుళ్ల వైపు, రైటర్ వైపు భయంగా చూసింది.

"ఎందుకు తెచ్చిండ్రు సారు! కాలబెట్టకపోయిండ్రు!"

నేను ఆమె దగ్గరికి జరిగాను. "అదెవరో నీకు తెలుసా?"

"నా కన్నబాపును నేను గుర్తుపట్టనా?" ఆమె గొంతు తగ్గించింది. "పందొమ్మిదేండ్ల సంది దినాం తుడుస్తాన ఆ ముఖాన్ని. మసి మీకు అడ్డమొచ్చింది గని, నా కండ్లకేం అడ్డం?"

"మరి ఇన్నేళ్లూ ఒక్కమాట..."

"ఏమని చెప్పాలె సారు? ఆళ్ల బట్టలేసుకొని, ఆళ్లల్ల కూసున్నడు. ఊర్ల అననే అన్నరు, నర్సయ్య సావలే, అటు దిక్కు కలిసిపోయిండని. మా అవ్వ ఆ మాటకే బాయి కాడికి పోవుడు బందు పెట్టింది. అప్పటిదాక నేను నమ్మలే. బొమ్మల చూసినంక నమ్మిన. ఎవలన్న చూస్తె మా ఇజ్జత్ ఏమైతదని ఆ మూలకు లైటు బుగ్గ కూడ పెట్టనియ్యలే. పొద్దుగాల ఆ బొక్క చూసి చేతులెత్తి మొక్కిన. ఎవలో పున్నెమున్నోళ్లు మా బాపును ఆడికెల్లి తీసేసిండ్రనుకున్న. గందుకే మీరు నా పేరు చెప్పినా ఊకున్న."

రైటర్ రాయడం ఆపేశాడు. ఊకున్న అన్న ఆ ఒక్క ముక్కనే పొద్దున నేను నేరం అన్నాను.

సుబేదార్ గారు ఆమె ముందు, స్టేషన్ బండల మీద, మోకాళ్లు పట్టుకుంటూ కూర్చున్నారు. "మీ బాపు ఎటూ కలువలే బిడ్డా. మనోళ్ల బట్టలతోనే సచ్చిండు. నా పక్కనే సచ్చిండు."

మొదలుపెట్టి అన్నీ చెప్పారు. మోర్చా, బడి గది, ముసలి కావలివాడు, లోటా, 'చూడలే' అన్న మాట. హాల్లో మాకు చెప్పినదే మళ్లీ చెప్పారు. మొగిలమ్మ కొంగు కింది నుంచి ముక్క తీసి, ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో దాని అంచు సరిచేస్తూ కూర్చుంది. మా బాపు అటు పోలేదు, మా బాపు అటు పోలేదు అని లోపల్లోపల అనుకుంటున్నట్టు ఆమె పెదవులు కదులుతున్నాయి.

నాలుగు కావడానికి ఐదు నిమిషాలున్నాయి. భానుచందర్ రిమాండ్ కాగితాలు తీసుకుని రెండు ముక్కలు చేశాడు. "ఇంటికి పో అక్కా," అన్నాడు.

ఆమె లేవలేదు. సుబేదార్ గారినే చూస్తూ అడిగింది.

"మా బాపు నీళ్లడిగిండా సారు?"

హాల్లో ఆయన మాకు చెప్పింది నాకు గుర్తుంది. నర్సయ్య పండుకుని నిద్రలో ఉన్నాడన్నారు. ఇప్పుడూ అదే చెబుతారనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను, ఆమె కోసం. ఆయన తల ఎత్తలేదు.

"అడిగిండు బిడ్డా," అన్నారు. "రెండుసార్లు అడిగిండు."